కట్లు విప్పని చేతులు

ఎండ నడినెత్తికి వచ్చింది. నువ్వు ఎర్రగుడి బండల ముందు నిలబడి ఉన్నావు.

పొద్దున ఆలూరులో బస్సెక్కావు. ఆస్పరి దాటావు, పత్తికొండలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నావు, తుగ్గలి కూడా దాటావు. దారిపొడుగునా నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. పత్తికట్టె పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. సుగ్గికి పోయి ఇంకా తిరిగిరాని ఇండ్లకు తాళాలు వేలాడుతున్నాయి. నీ సీసాలో నీళ్లు సగమే మిగిలాయి. అవి కూడా వేడెక్కాయి.

బండ మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంటావు. అంత కాలుతోంది. వంగి, కళ్లు చికిలించి చూస్తావు. సన్నని గీతలు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం, ఇంకొకటి వంపు. చూడగా చూడగా గీతలు అక్షరాలవుతాయి. బ్రాహ్మీ లిపి. అశోకుడు చెక్కించిన మాటలు. ఇంచుమించు 2,250 ఏళ్ల నాటివి.

పక్కనే గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగుతాడు.

"ఏం జూస్తాండావు నాయనా, ఆ బండమింద?"

"ఈజిప్టు రాజు పేరు తాతా."

"యాడి రాజు?"

"శానా దూరం. సముద్రాల అవతల."

"ఆ రాజుకు మన బండమింద ఏం పని?"

సరైన ప్రశ్న అడిగాడు. అశోకుడి పదమూడో శాసనంలో కళింగ యుద్ధం తర్వాతి దుఃఖం ఉంది. ఆ వెంటనే, తన ధర్మసందేశం ఎంత దూరం చేరిందో చెబుతూ ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లు ఉన్నాయి. అందులో ఒకడు తురమాయ. ఈజిప్టును ఏలిన రెండో టాలమీ. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్న చోటు ఈ ఎర్రగుడి. అంటే, మన కర్నూలు జిల్లాలో ఎవరో ఉలి పట్టుకుని ఈజిప్టు రాజు ప్రస్తావన ఉన్న శాసనం చెక్కుతున్న రోజుల్లోనే, ఆ రాజు రాజ్యంలో ఇంకెవరో చనిపోయిన మనిషిని ఎండబెట్టి, నార బట్టతో చుడుతున్నారు.

ఆ మనిషి ఎవరు? ఎన్నేళ్లకు పోయాడు? ఏ రోగంతో?

పెద్దాయన గొర్రెల వెనక పోయాడు. ప్రశ్న నీ దగ్గరే మిగిలింది.

ఇంటికొచ్చి చెబుతావు. మమ్మీల మీద పరిశోధన చేస్తానంటావు. అమ్మ చేటలో సెనగలు చెరుగుతూ ఆగిపోతుంది.

"సచ్చినోళ్లను ముట్టుకునే సదువేంది? సావింటికి పోయొస్తేనే తలకు పోసుకుంటాం గదా మనం."

నవ్వి తప్పించుకోకు. అమ్మ మాటలో భయం ఒక్కటే లేదు, మర్యాద కూడా ఉంది. చనిపోయిన మనిషిని ఊరికే తాకకూడదు, ఆడుకోకూడదు అని ఆమెకు తెలుసు. మమ్మీలను చదివే శాస్త్రం ఆ సంగతి నేర్చుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది. అవ్వ మాత్రం మంచం మీద నుంచి తల ఎత్తి అడుగుతుంది: "అన్నేండ్లు ఆ పీనుగ కుళ్లకుండా ఎట్లుండాది?"

జవాబు నీ ఊళ్లోనే ఉంది. వంక పక్కకు పద. ఎండాకాలంలో తెల్లగా పొంగిన చౌడు చూడు. చేతిలోకి తీసుకో. పొడిగా, జారుడుగా ఉంటుంది. వేళ్ల సందుల్లో చర్మం బిగుసుకుంటుంది. ఒకప్పుడు బట్టలు ఉతకడానికి ఎత్తుకెళ్లిన మన్ను ఇదే. చౌడులో ఉండే సోడా ఉప్పులే ఈజిప్టు వాళ్ల దగ్గర నాట్రాన్ అనే పేరుతో ఉండేవి. నైలు డెల్టాకు పడమటి వైపు, వాదీ నాట్రూన్ అనే పల్లంలో, ఎండిపోయిన మడుగుల అంచుల నుంచి గీకి తెచ్చేవాళ్లు.

ఇప్పుడు నువ్వు ఆ పనివాళ్ల పక్కన నిలబడి ఉన్నావు. ముక్కులోంచి కొక్కెం దూర్చి మెదడు తీసేస్తున్నారు. ఎడమ పక్కటెముకల కింద కోత. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు బయటికొస్తాయి. గుండెను మాత్రం ఉన్నచోటే ఉంచుతారు. ఆలోచించేది గుండే అని వాళ్ల నమ్మకం. దేహాన్ని నాట్రాన్‌లో పూడ్చేస్తారు. ఉప్పు నీళ్లను లాగేస్తుంది. తడి లేకపోతే పురుగు లేదు, కుళ్లు లేదు. నలభై రోజులు అలా ఆరాలి. నూనెలు, గుగ్గిలం, నార కట్లు, తాయెత్తులు, మంత్రాలు అన్నీ కలిపి డెబ్బై రోజుల పని.

డబ్బున్న వాళ్లకే ఇంత పని. పేదవాళ్లను ఇసుకలో పెట్టేవాళ్లు, ఆ ఎండే వాళ్లను ఆరబెట్టేది.

ఈ వృత్తిలో చదువు అంటే సగం, నీకంటే ముందు పనిచేసిన వాళ్ల చేతుల్లోకి దూరి చూడటమే. అందులో ఒక చెయ్యి నిన్ను నిద్రపోనివ్వదు.

1925 నవంబరు 11. ఈజిప్టులోని రాజుల లోయ. నువ్వు హోవార్డ్ కార్టర్ పక్కన ఉన్నావు. మూడేళ్ల కిందట ఆయన ఈజిప్టు కుర్రరాజు టుటన్‌ఖమన్ సమాధి కనిపెట్టాడు. ఇప్పుడు శవపేటిక తెరిచి ఉంది. ముఖం మీద పది కిలోల బంగారు ముసుగు. దాని కింద కుర్రవాడి దేహం. శరీరశాస్త్రం తెలిసిన డగ్లస్ డెర్రీ కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కట్లు మసిలా రాలిపోతున్నాయి. వాటి మీద కరిగించిన మైనం పూశారు, గట్టిపడ్డాక కోత పెట్టారు.

దేహం కదలదు.

అంత్యక్రియలప్పుడు కుమ్మరించిన గుగ్గిలం గడ్డకట్టి, దేహాన్ని పేటికకు అతికించేసింది. కరుగుతుందేమోనని అంతకుముందే ఎండలో పెట్టి చూశారు. 65 డిగ్రీల వేడి. గంటలు గడిచాయి. కరగలేదు. ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్నారు. ఆ దేహం కింద బంగారం ఉంది. కత్తి నీ చేతికిచ్చారు అనుకో.

కోస్తావా? ఆగుతావా?

వాళ్లు కోశారు. తల వేరైంది. చేతులు, కాళ్లు కీళ్ల దగ్గర విడిపోయాయి. నగలు బయటికొచ్చాయి. తర్వాత ముక్కలను ఇసుక తొట్టిలో మనిషి ఆకారంలో పేర్చి సమాధిలోకి తిరిగి పంపారు. కార్టర్‌ను నిధివేటగాడు అనడం నాకు ఇష్టం లేదు. సమాధిలోని ప్రతి వస్తువునూ ఆయన రాయించాడు, గీయించాడు, ఫొటో తీయించాడు. పదేళ్లు ఆ పని మీదే ఉన్నాడు. అయినా ఆ కుర్రవాడి దేహానికి జరిగింది అన్యాయమే. మూడు వేల ఏళ్లకు పైగా ఒక్కటిగా ఉన్న దేహం ఆ ఒక్క నవంబరులో ముక్కలైంది.

ఇంకో రాత్రిలోకి రా. 2005 జనవరి 5. అదే లోయ. చలి. గాలి దుమ్ము రేపుతోంది. సమాధి బయట ఒక ట్రైలర్, అందులో సీటీ స్కాన్ యంత్రం. ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ బృందం లోపల ఉంది. నువ్వు తొట్టి ఒక కొస పట్టుకున్నావు. తొట్టిలో ఇసుక, ఇసుకలో టుటన్‌ఖమన్.

పదహారు మెట్లు ఎక్కాలి. ఒక్కో మెట్టు చూసుకో. ఇసుక కదలకూడదు. ఇసుక కదిలితే ఎముక కదులుతుంది. నీ ముందున్నవాడి ఊపిరి వినిపిస్తోంది. బయటికొచ్చారు. ట్రైలర్ ఎక్కించారు. తొట్టి యంత్రం బల్ల మీద ఉంది.

యంత్రం ఆగిపోయింది.

చల్లబరిచే ఫ్యాన్‌లో ఇసుక చేరింది. యంత్రం వేడెక్కుతోంది. రాజు బయట ఉన్నాడు. ఎంతసేపు ఉంచగలవు? మళ్లీ కిందికి తీసుకుపోతావా? మళ్లీ ఆ మెట్లా? ఎవరో మామూలు ప్లాస్టిక్ ఫ్యాన్లు రెండు తెచ్చి పెట్టారు. అందరూ తెర వైపే చూస్తున్నారు. బల్ల కదిలింది. తెర మీద బూడిదరంగు వలయం. పుర్రె.

ఆ రాత్రి దాదాపు 1,700 చిత్రాలు వచ్చాయి. ఎక్స్‌రే దేహం మొత్తాన్ని ఒకే నీడగా పరుస్తుంది. సీటీ స్కాన్ దాన్నే సన్నని పొరలుగా చూపిస్తుంది, కత్తి తాకకుండానే. 1968లో తీసిన ఎక్స్‌రేలో పుర్రె లోపల ఎముక ముక్కలు కనబడి, రాజును తల మీద కొట్టి చంపారన్న కథ పుట్టింది. పొరలు చూశాక ఆ కథ నిలబడలేదు. తల మీద దెబ్బకు ఆధారం లేదని బృందం తేల్చింది. ఎడమ మోకాలికి పైన ఎముక విరిగిన గుర్తు కనిపించింది. వయసు పందొమ్మిది దగ్గర.

ఆ తర్వాత రాజుల మమ్మీలకు ఇదే దారి అయింది. మొదటి అమెన్‌హోటెప్ రాజు కట్లను మన కాలంలో ఎవరూ విప్పలేదు, పైన పూలదండలు కూడా ఉన్నాయి. కైరో విశ్వవిద్యాలయ రేడియాలజిస్టు సహర్ సలీమ్, హవాస్ కలిసి ఆయన్ను స్కాన్ చేసి 2021లో ఫలితం ప్రచురించారు. ముప్పై అయిదేళ్ల మనిషి. 169 సెంటీమీటర్ల పొడుగు. కట్ల మధ్య 30 తాయెత్తులు. నడుముకు 34 బంగారు పూసల మొలతాడు. కట్లు విప్పాల్సిన పనే పడలేదు. ఎర్రగుడి బండ దగ్గర పుట్టిన నీ ప్రశ్నలకు ఇలా జవాబులు వస్తాయి. నువ్వు నేర్చుకోవలసింది ఈ పని.

మన దేశంలో నీకు ఎదురయ్యే ప్రమాదం కత్తి కాదు. నీళ్లు.

2020 ఆగస్టు 14. జైపూర్‌లోని ఆల్బర్ట్ హాల్ మ్యూజియం. వాన ఆగడం లేదు. కింది అంతస్తులో అద్దాల పెట్టెలో ఒక స్త్రీ ఉంది. పేరు టుటు. పూజారుల ఇంటి ఆడపడుచు. టాలమీల కాలం మనిషి, అంటే నువ్వు ఎర్రగుడిలో చూసిన ఆ రాజవంశపు రోజులది. నువ్వు మెట్ల మీద ఉన్నావు. కింద నీళ్లు కనిపిస్తున్నాయి. ఎర్రటి బురద నీళ్లు. లోపలికి వస్తున్నాయి.

దిగుతావు. చీలమండ దాకా. పిక్క దాకా. కాళ్లకు కాగితాలు తగులుతున్నాయి. దస్త్రాలు. వాటిని వదిలెయ్.

అద్దం పెట్టె ముందున్నావు.

తాళం కోసం ఆగుతావా? నీళ్లు ఆగవు.

రెండు వేల మూడు వందల ఏళ్ల పొడితనం. దాని కిందే నీళ్లు. తడి తగిలితే ఆరిన చర్మం ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, బూజు పడుతుంది. మళ్లీ ఆరబెట్టినా మునుపటిలా ఉండదు.

పగలగొట్టు.

అద్దం పగిలింది. పెంకులు. నీళ్లలో పెంకులు. కాలు జాగ్రత్త. చేతులు చాపు. తల కింద ఒకరు. నడుము కింద ఒకరు. పాదాల దగ్గర నువ్వు. ఎత్తండి. తేలిక. మనిషి ఇంత తేలికా? తొందరపడకు. వంచకు. మెట్టు. ఇంకో మెట్టు. పైకి.

పైకొచ్చారు. ఆమె పొడిగా ఉంది.

ఆ రోజు అక్కడి సిబ్బంది నిజంగానే అద్దం పగలగొట్టి ఆమెను కాపాడారు. ఎన్నో వస్తువులు, దస్త్రాలు తడిసి పాడయ్యాయి. వాళ్లు ఈజిప్టు లిపి చదివిన పండితులు కారు. అయినా ఆ క్షణంలో ఏది ముందో వాళ్లకు తెలుసు. ఆ పనికి నేను మనసారా దండం పెడతాను.

ఇప్పుడు హైదరాబాదు. నాంపల్లిలో రైలు దిగి పబ్లిక్ గార్డెన్స్‌లోకి నడువు. చెట్ల నీడ దాటితే తెల్లని కమానుల భవనం. 1930లో తెరిచిన మ్యూజియం. లోపల, తెలుగు నేల మీద ఉన్న ఒకే ఒక్క ఈజిప్టు మమ్మీ. చుట్టూ బడిపిల్లలు మూగి ఉన్నారు. ఒకమ్మాయి ముఖం అద్దానికి ఆనించి, "లేచొస్తుందా టీచర్?" అని అడుగుతోంది. వాళ్లు కదిలేదాకా ఆగు. తర్వాత దగ్గరికి వెళ్లు.

నార బట్ట పొరలు. వాటి మీద రంగులద్దిన కవచం. మ్యూజియం ఆమె పేరు నైషు అని చెబుతుంది. ఆరో ఫరో (ఈజిప్టు రాజు) కూతురని, పిన్న వయసులోనే పోయిందని చెబుతుంది. 1920 ప్రాంతంలో ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని ఏడో నిజాంకు కానుకగా ఇచ్చాడని, ఆయన దాన్ని మ్యూజియానికి ఇచ్చాడని చరిత్ర.

మామూలు సందర్శకుడు చదివి ముందుకు పోతాడు. నువ్వు పోలేవు. నీ బుర్రలో ప్రశ్నలు లేస్తాయి. ఆరో ఫరో అంటే ఎవరు? ఈజిప్టును ముప్పై దాకా రాజవంశాలు ఏలాయి, ఏ వంశంలో ఆరోవాడు? ఆ కవచం మీద రంగులు, బొమ్మలు ఏ కాలపు పద్ధతిలో ఉన్నాయి? పేరు ఎక్కడ చదివారు? అమ్మినవాడు చెప్పాడా, కట్ల మీద రాసి ఉందా? వెయ్యి పౌండ్లు పెట్టే కొనుగోలుదారుకు మామూలు పిల్లను చూపిస్తారా, రాకుమారిని చూపిస్తారా? నా లెక్కన, ఇలాంటి ప్రశ్నలు ఆమెను తక్కువ చెయ్యవు. రాకుమారి కాకపోయినా ఆమె ఒక ఇంటి బిడ్డ. ఆ ఇల్లు ఏదో వెతకడం మన బాధ్యత.

జవాబులు ఎక్కడున్నాయో నీకు తెలుసు. పళ్లలో ఉన్నాయి. జ్ఞానదంతాలు వచ్చాయా లేదా, పొడవాటి ఎముకల కొసలు అతుక్కున్నాయా లేదా చూస్తే వయసు తెలుస్తుంది. కటి ఎముక ఆడో మగో చెబుతుంది. ఆవగింజంత నార పీచు చాలు, రేడియోకార్బన్ పరీక్ష కాలం చెబుతుంది. ఆ పీచు తియ్యాలా వద్దా అన్నది మళ్లీ నీ ముందున్న ఎంపిక. తీసింది తిరిగి పెట్టలేవు.

అద్దం అంచు దగ్గర వంగి చూడు. రంగు పెళ్లలుగా లేచిన చోటు ఏదైనా ఉందా? ఆ కవచంలో బట్ట ఉంటుంది, సున్నపు పూత ఉంటుంది, రంగు ఉంటుంది. హైదరాబాదు వానాకాలం గాలిలో తేమ పెరిగితే బట్ట ఉబ్బుతుంది, సున్నం ఉబ్బదు. ఎండాకాలం బట్ట ముడుచుకుంటుంది. ఏటా ఈ లాగులాటలో రంగు రాలుతుంది. బూజు ఎంత మొండిదో ఫరో రెండో రామ్‌సెస్‌ను అడగాలి. కైరోలో ఆయన దేహానికి బూజు పడితే 1976లో విమానంలో పారిస్ తీసుకెళ్లి, ఆ బూజును గామా కిరణాలతో చంపాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ కూడా 2016లో ఈ దేహాన్ని పరీక్షించి సంరక్షణ పనులు చేపట్టారు. గాలి చొరని పెట్టెలో ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపితే పురుగు బతకదు, బూజు పెరగదు. ఆ పెట్టె మీద తేమ చూపే ముల్లును రోజూ ఒక మనిషి చూడాలి. సెలవు రోజు కూడా చూడాలి. ఈ వృత్తిలో పేరొచ్చే పనుల కంటే ఈ చూపే ఎక్కువ.

ఇది నీకు పట్టే పనేనా అనుకుంటున్నావా? చదువు నీకు అందనంత దూరంలో లేదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తుశాస్త్రం చెబుతారు. పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. పాత వస్తువులను కాపాడే శాస్త్రం కోసం లక్నోలో 1976 నుంచి జాతీయ పరిశోధనశాల ఉంది. వైద్యం చదివితే రేడియాలజీ దారి. జీవశాస్త్రం చదివితే హైదరాబాదులో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు ఎముకల డీఎన్ఏ చదివి, అక్కడ చనిపోయిన వాళ్లలో మధ్యధరా ప్రాంతపు మనుషులు కూడా ఉన్నారని 2019లో తేల్చిన బృందంలో ఆ శాస్త్రవేత్తలు ఉన్నారు. కైరోలో పాఠాలు చెప్పే సలీమా ఇక్రమ్ లాహోర్‌లో పుట్టారు. జంతువుల మమ్మీల మీద ఆమె మాట ప్రపంచం వింటుంది. కుందేళ్లను, బాతులను నాట్రాన్‌లో ఆరబెట్టి, పాత పద్ధతి ఎలా పనిచేస్తుందో స్వయంగా పరీక్షించారు.

ఉద్యోగాలు తక్కువ, అది దాచను. ఈజిప్టు లిపి నేర్వడానికి ఏళ్లు పడతాయి, విదేశీ చదువుకు డబ్బు కావాలి. అందుకే ఒక మాట అడుగుతున్నాను, నిన్ను కాదు, మన విశ్వవిద్యాలయాలను. తెలుగు నేల మీద ఒక ఈజిప్టు మనిషి తొంభై ఏళ్లకు పైగా ఉంది. ఆమెను చదవడానికి మన పిల్లల్లో ఒక్కరికైనా ఏటా ఒక ఉపకారవేతనం ఇవ్వండి. ఆ దరఖాస్తు ఆలూరు జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద కూడా అంటించండి.